త్రిత్వమా, 'యేసు నామం' మాత్రమేనా: పెళ్ళి కోసం మళ్ళీ బాప్తిస్మం తీసుకోవాలా?

అమ్మా, ప్రభువు నామంలో వందనాలు. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. క్లుప్తంగా చెబితే విషయం ఇది. మీది కావలి దగ్గర ఊరు, తాతల కాలం నుంచి బాప్టిస్టు కుటుంబం. పదిహేడో ఏట తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామమున బాప్తిస్మం పొందారు. ఇప్పుడు ఒంగోలు వైపు సంబంధం కుదిరింది. అబ్బాయి వాళ్ళు వెళ్ళేది మనవాళ్ళు 'జీసస్ ఓన్లీ' అని పిలిచే సంఘానికి. త్రిత్వం అనే మాటే బైబిల్లో లేదని, మీరు ముగ్గురు దేవుళ్ళను మొక్కుతున్నారని, యేసు నామంలో మళ్ళీ మునిగితేనే పెళ్ళి చేస్తానని అక్కడి పాస్టరుగారు అన్నారు. పెళ్ళికి రెండు నెలలే ఉంది. ఇంట్లో టెన్షన్. ఏం చేయాలి?

ముందు జవాబు చెప్పేస్తాను. మీరు మళ్ళీ బాప్తిస్మం తీసుకోనక్కర్లేదు. మీరు పొందింది చెల్లే బాప్తిస్మమే. పెళ్ళి ఆగిపోతుందన్న భయంతో మాత్రం అస్సలు తీసుకోవద్దు. అలాగని అబ్బాయి వాళ్ళను దుర్బోధకులని తీసిపారేయకండి, సంబంధం వదులుకోండని కూడా నేను చెప్పను. వాళ్ళ ప్రశ్నల్లో కొన్ని గట్టివి. వాటికి మన సంఘాల్లో సరైన జవాబు నేర్పలేదు. ఆ తప్పులో నాకూ వాటా ఉంది.

నేను ఒంగోలు చుట్టుపక్కల పల్లె సంఘాల్లో ముప్పై ఎనిమిదేళ్ళు సేవ చేసి రిటైరయ్యాను. టంగుటూరు, సింగరాయకొండ, కందుకూరు, చీమకుర్తి వైపు ఊళ్ళలో ఈ గొడవ ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. చదువు ఉన్నంతవరకు ఉంది గానీ నేను పండితుణ్ణి కాదు. ఇళ్ళలో, పందిళ్ళలో, శ్మశానం దగ్గర ఈ గొడవ ఎలా నడుస్తుందో మాత్రం బాగా తెలుసు.

మొదట ఆ పాస్టరుగారు నిజంగా ఏం నమ్ముతారో తెలుసుకోండి. మనవాళ్ళు చాలామంది ఈ సంఘాలను యెహోవాసాక్షులతో కలిపేస్తారు. అది పెద్ద పొరపాటు. యెహోవాసాక్షులు యేసును పూర్తి దేవుడిగా ఒప్పుకోరు. వీళ్ళు దానికి సరిగ్గా ఎదురు దిక్కు. యేసే సర్వశక్తిగల దేవుడు, ఆయన తప్ప వేరే దేవుడు లేడు, తండ్రి అన్నా ఆయనే, పరిశుద్ధాత్మ అన్నా ఆయనే అంటారు. ఒకే దేవుడు సృష్టిలో తండ్రిగా, విమోచనలో కుమారుడిగా, ఇప్పుడు సంఘంలో ఆత్మగా ప్రత్యక్షమయ్యాడన్నది వాళ్ళ మాట. మనం చెప్పేది వేరు. దేవుడు ఒక్కడే, కానీ తండ్రి కుమారుడు కాడు, కుమారుడు ఆత్మ కాడు. ఈ ముగ్గురి మధ్య ఎడతెగని ప్రేమ, మాట, సహవాసం ఉన్నాయి. దేవుడు ఒక్కడే అన్న చోట ఇద్దరికీ పేచీ లేదు. ముగ్గురు దేవుళ్ళని ఏ త్రిత్వ సంఘమూ ఎన్నడూ చెప్పలేదు. మీ మీద వేసిన ఆ నింద తప్పు.

ఇక మన తప్పు సంగతి. వీబీఎస్‌లో (సెలవుల్లో పిల్లలకు పెట్టే బైబిల్ తరగతులు), సండే స్కూల్లో పిలకాయలకు త్రిత్వం ఎలా చెబుతాం? నీళ్ళు, మంచుగడ్డ, ఆవిరి. నేనే ఇరవై ఏళ్ళు అదే చెప్పాను. ఒకసారి ఐస్ బాక్సులో గడ్డ తెప్పించి, స్టవ్ మీద గిన్నె పెట్టి, ఆవిరి చూపించి మరీ చెప్పాను. వెనక బెంచీలో కూర్చున్న ఒక కుర్రాడు, వాళ్ళ మేనమామ 'జీసస్ ఓన్లీ' పాస్టరు, లేచి "అయ్యగారూ, మా మామ కూడా ఇదే చెబుతాడు" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక నవ్వు పోయింది. వాడన్నది నిజమే. అవే నీళ్ళు ఒకసారి గడ్డ, ఒకసారి ఆవిరి అవుతాయనడం త్రిత్వం కాదు, ఒకే దేవుడు మూడు రూపాలు మార్చుకుంటాడనే వాళ్ళ బోధే. "ఒకే మనిషి బిడ్డకు తండ్రి, తల్లికి కొడుకు, భార్యకు భర్త కాదా" అనే పోలికా అంతే. అది మన పల్పిట్ల మీద నేను వందసార్లు విన్నాను. ఆ మనిషి తనలోని తండ్రితో తాను మాట్లాడుకోడు కదా.

ఇంకోటి చూడండి. ఈ ఆదివారం మీ సంఘంలో ప్రార్థనలు జాగ్రత్తగా వినండి. ఎవరో ఒకరు "పరలోకమందున్న మా తండ్రీ" అని మొదలుపెట్టి, మధ్యలో "మా కోసం సిలువలో ప్రాణం పెట్టావయ్యా, నీకు స్తోత్రం" అంటారు. తండ్రి సిలువలో చనిపోలేదు. దాదాపు 1800 ఏళ్ళ క్రితం కార్తేజీలో తెర్తుల్లియన్ అనే ఆయన, తండ్రే కుమారుడని చెప్పిన ప్రాక్సెయస్ అనే బోధకుడి మీద రాస్తూ, ఇతను తండ్రినే సిలువ వేశాడు అని ఎద్దేవా చేశాడు. ఆ ఎద్దేవా మన బాప్టిస్టు పెద్దల ప్రార్థనకూ తగులుతుంది. కాబట్టి అబ్బాయి వాళ్ళతో మాట్లాడేటప్పుడు మనమేదో పైమెట్టు మీద ఉన్నట్టు మాట్లాడకండి. నోటితో త్రిత్వం, అలవాటుగా వాళ్ళ ఏకత్వ బోధ. మన సంఘాల్లో సగం మంది సంగతి ఇదే.

సరే, వచనాల దగ్గరికి వద్దాం. అబ్బాయి తరఫువాళ్ళు మీ ముందు పెట్టే వచనాలు నాకు వరసగా తెలుసు.

ద్వితీయోపదేశకాండము 6:4, "మన దేవుడైన యెహోవా అద్వితీయుడగు యెహోవా." యెషయా 9:6లో పుట్టబోయే శిశువుకు "నిత్యుడగు తండ్రి" అని పేరు. యోహాను 10:30, "నేనును తండ్రియును ఏకమై యున్నాము." యోహాను 14:9, "నన్ను చూచినవాడు తండ్రిని చూచియున్నాడు." కొలస్సయులకు 2:9, దేవత్వము యొక్క సర్వపరిపూర్ణత క్రీస్తులో శరీరముగా నివసిస్తోందని. ఇవన్నీ మన బైబిల్లోవే. మనమూ నమ్మేవే. వీటికి భయపడి పేజీ తిప్పేయనవసరం లేదు.

మన తెలుగు బైబిల్లో ఒక చిక్కు ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. ద్వితీయోపదేశకాండంలో యెహోవా "అద్వితీయుడు". యోహాను 1:18లో యేసు "అద్వితీయ కుమారుడు". మనకు రెండూ ఒకే మాట. నేను సేవలోకి వచ్చిన కొత్తలో ఒక పాస్టరు ఈ రెండు వచనాలూ పక్కపక్కన పెట్టి, "అద్వితీయుడు ఒక్కడే ఉంటాడు, ఆయన యేసే" అని అరగంట ప్రసంగించాడు. నా దగ్గర జవాబు లేదు. తర్వాత తెలిసింది, మూలంలో అవి రెండు వేర్వేరు మాటలు. మొదటిది హీబ్రూలో 'ఎఖాద్', అంటే ఒకటి. రెండోది గ్రీకులో 'మొనోగెనేస్', అలాంటివాడు మరొకడు లేని ఏకైక కుమారుడని. తెలుగు అనువాదకులు రెంటికీ ఒకే అందమైన సంస్కృత పదం వాడారు. ఆ పదం మీద కట్టిన ప్రసంగం మూలంలో నిలబడదు.

దీనికి తలకిందులుగా, తెలుగు మనకు మేలు చేసే చోటు కూడా ఉంది. "ఏకమై యున్నాము" అన్నాడు ప్రభువు. "ఉన్నాను" అనలేదు. ఏకము అన్నాడు, ఒకడు అనలేదు. గ్రీకులో కూడా అక్కడ 'హెన్' అనే నపుంసక పదమే ఉంది, ఒకే మనిషి అని చెప్పే పుంలింగ పదం కాదు. అలాగే యోహాను 14:23 చూడండి. తనను ప్రేమించేవాణ్ణి తన తండ్రి ప్రేమిస్తాడని చెప్పి, "మేము వానియొద్దకు వచ్చి వానియొద్ద నివాసము చేతుము" అంటాడు. మేము! చీమకుర్తి దగ్గర ఒక సోదరుడు దీనికి జవాబుగా, రాజులు తమను తాము 'మేము' అనుకోరా, ఇదీ అంతే అన్నాడు. తెలివైన మాటే. కానీ అదే అధ్యాయమంతా ప్రభువు తన గురించి 'నేను', 'నేను' అనే చెబుతాడు. 'నా తండ్రి' అన్న వెంటనే మాత్రమే 'మేము' వస్తుంది.

యెషయా 9:6 గురించి ఎక్కువ చెప్పను. అక్కడ సంగతి సింహాసనం ఎక్కబోయే రాజు గురించి. జనాన్ని కాపాడే అధికారిని తండ్రి అనడం యెషయాకు అలవాటే. 22:21లో ఎల్యాకీము యెరూషలేము నివాసులకు తండ్రి అవుతాడంటాడు. ఎల్యాకీము పరలోకపు తండ్రి అని ఎవరూ అనరు కదా.

నా మట్టుకు నాకు అసలు ప్రశ్న ఒక్కటే: యేసు ప్రార్థించినప్పుడు ఎవరితో మాట్లాడాడు? గెత్సేమనేలో "నా యిష్టప్రకారము కాదు, నీ చిత్తప్రకారమే కానిమ్ము" అన్నాడు. అక్కడ రెండు ఇష్టాలు కనబడుతున్నాయి. దీనికి వాళ్ళ జవాబు, ఆయనలోని మానవ స్వభావం దైవ స్వభావానికి ప్రార్థించిందని. వినడానికి బాగానే ఉంటుంది. అయితే స్వభావాలు ప్రార్థన చేయవమ్మా, ప్రార్థించేది ఒకరు. పోనీ గెత్సేమనే వరకు ఆ జవాబు సరే అనుకుందాం. యోహాను 17:5 చదవండి: "తండ్రీ, లోకము పుట్టకమునుపు నీయొద్ద నాకు ఏ మహిమ యుండెనో ఆ మహిమతో నన్ను ఇప్పుడు నీయొద్ద మహిమపరచుము." లోకం పుట్టకముందు బేత్లెహేములో పుట్టిన ఆ శరీరం లేదు, మానవ స్వభావం లేదు. అయినా 'నీయొద్ద', 'నాకు' అంటున్నాడు. అది దేవుని సంకల్పంలో మాత్రమే ఉందని వాళ్ళంటారు. సంకల్పానికి మహిమ ఉంటుందా, అది ఆ మహిమను జ్ఞాపకం చేసుకుంటుందా? ఈ వచనం దగ్గర నాకు ఇంతవరకు ఎవరూ సరైన సమాధానం చెప్పలేదు. మొత్తం వాదనలో నేను నమ్ముకున్నది ఈ ఒక్క వచనాన్నే అన్నా తప్పు లేదు.

'వ్యక్తి' అనే మాట గురించి కూడా చెప్పాలి. "దేవునిలో ముగ్గురు వ్యక్తులు" అని మనం పుస్తకాల్లో రాస్తాం. మామూలు తెలుగులో ముగ్గురు వ్యక్తులంటే బస్టాండులో నిలబడ్డ ముగ్గురు మనుషులు. విన్నవాడికి ముగ్గురు దేవుళ్ళు కనబడితే వాడి తప్పేముంది? హిందూ స్నేహితులు "మా త్రిమూర్తుల్లాగేనా" అని అడిగితే మనవాళ్ళు తల ఊపడం కూడా చూశాను. పాతకాలం సంఘపెద్దలకూ ఈ తిప్పలు తప్పలేదు. గ్రీకులో 'ప్రోసోపోన్' అంటే ముఖం, నాటకంలో పెట్టుకునే ముఖానికీ అదే మాట. వీధినాటకంలో ఒకడే ముందు రాజు వేషం కట్టి, తెర వెనక్కి వెళ్ళి బంట్రోతు వేషంలో వస్తాడు చూడండి, ఆ అర్థం వస్తుందని తూర్పు ప్రాంతపు బిషప్పులు కొందరు ఆ మాటను అనుమానంగా చూసి, 'హైపోస్టాసిస్' (వేషం కాదు, నిజమైన ఉనికి) అనే వేరే మాటను ముందుకు తెచ్చారు. రోములో మూడో శతాబ్దంలో సబెల్లియస్ అనే ఆయన బోధ ఈ వేషాల బోధ లాంటిదేనని పేరు పడింది. అంటే ఈ గొడవ మన ఊరిది కాదు, మన కాలానిదీ కాదు.

"త్రిత్వం అనే మాట బైబిల్లో లేదు" అన్నప్పుడు "బైబిల్ అనే మాట కూడా బైబిల్లో లేదు" అని మనవాళ్ళు ఠక్కున అంటారు. నేనూ అనేవాణ్ణి. చప్పట్లు పడతాయి, ఎవరి మనసూ మారదు. మాట లేదని ఒప్పుకోండి. ఆ మాట తర్వాతివాళ్ళు పెట్టుకున్న లేబుల్. లేబుల్ లేకపోయినా సరుకు ఉందా లేదా అన్నదే చూడాలి. యేసు బాప్తిస్మమప్పుడు యొర్దాను నదిలో కుమారుడు నీళ్ళలోంచి పైకి వస్తాడు, ఆత్మ పావురం వలె దిగుతాడు, ఆకాశం నుంచి తండ్రి స్వరం వినబడుతుంది. రెండో కొరింథీ చివర ఆశీర్వాదం, "ప్రభువైన యేసుక్రీస్తు కృపయు దేవుని ప్రేమయు పరిశుద్ధాత్మ సహవాసమును", ప్రతి ఆదివారం చేతులెత్తి పలుకుతున్నదే కదా.

ఒక జాగ్రత్త. మొదటి యోహాను 5:7లో తండ్రి, వాక్యము, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒకటై ఉన్నారని ఉందని ఎవరైనా మీకు సలహా ఇస్తే, ఆ వచనం వాడకండి. ఆ మాట పాత ఇంగ్లీషు కింగ్ జేమ్స్ బైబిల్లో ఉంది. పాత గ్రీకు ప్రతుల్లో లేదు, మన తెలుగు బైబిల్లోనూ లేదు. దాన్ని పట్టుకుని ఒకసారి నేను సభలో భంగపడ్డాను.

ఇప్పుడు మీకు అసలు కావలసింది, బాప్తిస్మం సూత్రం, అంటే ముంచేటప్పుడు పలికే మాటలు. వాళ్ళ వాదన ఇది. మత్తయి 28:19లో "తండ్రియొక్కయు కుమారుని యొక్కయు పరిశుద్ధాత్మ యొక్కయు నామములోనికి" అని ఉంది, నామములలోనికి అని లేదు. నామం ఏకవచనం. ఆ ఒక్క నామం ఏమిటో అపొస్తలులకు తెలుసు కాబట్టే అపొస్తలుల కార్యాల్లో యేసు నామమున బాప్తిస్మమిచ్చారు. 2:38, 8:16, 10:48, 19:5.

నిజాయితీగా చెబుతాను. అపొస్తలుల కార్యాల్లో ఎక్కడా "తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామమున" అని పలికి ముంచినట్టు రాయలేదు. ఇది వాళ్ళ బలం. మన పాస్టర్లు దీన్ని దాటేస్తారు, దాటేయకూడదు. కానీ ఆ నాలుగు చోట్లా ఒకే మాటల వరస కూడా లేదు. ఒక చోట "యేసుక్రీస్తు నామమున", ఇంకో చోట "ప్రభువైన యేసు నామమున". పలకాల్సిన సూత్రమే రాసి ఉంటే అక్షరం తేడా రాకూడదు కదా. బాప్తిస్మమిచ్చు యోహాను ఇచ్చినది కాదు, యేసుకు చెందిన బాప్తిస్మం అని చెప్పడానికే ఆ పుస్తకం రాసిన లూకా అలా రాశాడని నా ఉద్దేశం. 19వ అధ్యాయంలో ఎఫెసు శిష్యులు పరిశుద్ధాత్మ ఉన్నాడన్న సంగతే వినలేదన్నారు. వెంటనే పౌలు, అయితే మీరు దేన్నిబట్టి బాప్తిస్మం పొందారు అని అడుగుతాడు. బాప్తిస్మంలో ఆత్మ పేరు వినబడడం మామూలైతేనే ఆ ప్రశ్నకు అర్థం ఉంటుంది.

అపొస్తలుల తర్వాతి తరాల్లో వాడిన 'దిదాఖే' అనే చిన్న బోధ గ్రంథం ఉంది. అందులో ఏడో అధ్యాయం, పారే నీళ్ళలో తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామంలో బాప్తిస్మమివ్వమంటుంది. పారే నీళ్ళు లేకపోతే వేరే నీళ్ళు, అవీ చాలకపోతే తల మీద మూడుసార్లు పోయమంటుంది. అదే పుస్తకం తొమ్మిదో అధ్యాయంలో ప్రభువు బల్లలో (రొట్టె, ద్రాక్షారసం పంచుకోవడంలో) ఎవరు పాల్గొనాలో చెబుతూ "ప్రభువు నామంలో బాప్తిస్మం పొందినవాళ్ళు" అంటుంది. ఒకే పుస్తకం, ఒకే బాప్తిస్మం, రెండు రకాలుగా చెప్పింది. ఆ రోజుల్లో ఈ రెంటికీ మధ్య గోడ లేదు.

ఇక వాట్సాప్‌లో తిరిగే మాట, మత్తయి 28:19ని 325లో నికేయలో జరిగిన బిషప్పుల సభలో కాన్‌స్టంటైన్ చక్రవర్తి చేర్పించాడని. ఇది అబద్ధం. ఆ వచనం ఉన్న గ్రీకు ప్రతుల్లో ఆ మాటలు లేని ప్రతి ఒక్కటీ లేదు. నికేయకు వంద సంవత్సరాల ముందే సంఘపెద్దలైన ఐరేనియస్, తెర్తుల్లియన్ ఆ వచనాన్ని ఎత్తి రాశారు. పైగా నికేయలో గొడవ అరియస్ అనే బోధకుడితో. కుమారుడు సృష్టింపబడినవాడని అతను అన్నాడు. సబెల్లియస్ బోధను సంఘం అప్పటికే తోసిపుచ్చింది.

ఇప్పటి 'యేసు నామం' ఉద్యమానికి పుట్టిన తేదీ ఉంది. 1913లో లాస్ ఏంజిలిస్ దగ్గర అరోయో సెకోలో పెంతెకొస్తు కూటాలు జరిగాయి. అక్కడ మెకాలిస్టర్ అనే బోధకుడు, అపొస్తలులు యేసు నామంలోనే బాప్తిస్మమిచ్చారని చెప్పాడు. మరుసటి ఏడు ఏప్రిల్ 15న ఫ్రాంక్ యూవార్ట్, గ్లెన్ కుక్ ఒకరికొకరు మళ్ళీ బాప్తిస్మమిచ్చుకున్నారు. 1916లో అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ అనే పెంతెకొస్తు సంఘం వాళ్ళు త్రిత్వాన్ని విశ్వాస ప్రమాణంగా రాసుకోవడంతో నూట యాభైకి పైగా సేవకులు బయటికి వచ్చేశారు. కొత్తది కాబట్టి తప్పు అని నేను అనను. మన బాప్టిస్టు సంఘాలూ పదిహేడో శతాబ్దంలో పుట్టినవే. కానీ "అపొస్తలుల కాలం నుంచి ఇదొక్కటే బాప్తిస్మం" అన్నప్పుడు మాత్రం లెక్క అడగాలి. 1878 జులై 3న మద్దిపాడు దగ్గర వెల్లంపల్లిలో, గుండ్లకమ్మలో 2,222 మందికి ఒక్కరోజే బాప్తిస్మమిచ్చారు. ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున నీళ్ళలో దిగి. అరోయో సెకోకు ముప్పై అయిదేళ్ళ ముందు. ఆ నీళ్ళలో మునిగిన మాదిగపల్లెల జనం ఎవరూ రక్షణ పొందలేదనాలి, ఆ పాస్టరుగారి మాట నిజమైతే. వాళ్ళ మునిమనవలు ఈ రోజు ఆయన సంఘంలోనే ఎంతమంది కూర్చుంటున్నారో!

ఆ బాప్తిస్మాలు జరిగినప్పుడు ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర గురించి ఇంకో సంగతి మీ విషయానికి సూటిగా తగులుతుంది. 1876 నుంచి 78 వరకు కరవు వచ్చినప్పుడు ఆయన బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళు కాంట్రాక్టు తీసుకుని జనానికి పని కల్పించాడు. బాప్తిస్మం ఇవ్వమని జనం వెంటపడ్డారు. ఆయన ఇవ్వలేదు. కూలి కోసం, తిండి కోసం మునుగుతారేమోనని కరవు పనులు అయ్యేదాకా నెలల తరబడి ఆపేశాడు. ఆ తర్వాత జరిగిందే వెల్లంపల్లి. కూలి కోసం తీసుకునే బాప్తిస్మం వద్దన్న నేల మనది. పెళ్ళి కోసం తీసుకునేది ఎలా వద్దనకుండా ఉంటాం?

నేను చూసిన ఒక అమ్మాయి కథ చెబుతాను, ఊరు చెప్పను. మీలాగే మన సంఘం పిల్ల. పెళ్ళికి పది రోజుల ముందు "నీళ్ళే కదా" అని వాళ్ళ సంఘంలో సిమెంటు తొట్టెలో మునిగింది. పెళ్ళి అయింది. నెల తర్వాత రెండో షరతు వచ్చింది: అన్యభాషలు, అంటే ఆత్మ పలికిస్తాడనే తెలియని భాషలు, మాట్లాడితేనే ఆత్మ పొందినట్టు, అది లేకపోతే రక్షణ పూర్తి కానట్టు. ఈ ఉద్యమంలో చాలా సంఘాలు మారుమనస్సు, యేసు నామ బాప్తిస్మం, అన్యభాషల గుర్తుతో ఆత్మను పొందడం, ఈ మూడూ కలిపే రక్షణ అంటాయి. పెళ్ళికి ముందు ఆ అమ్మాయికి ఇది ఎవరూ చెప్పలేదు. ఒక రాత్రి కూటంలో అత్తగారు పక్కన నిలబడి భుజం మీద చెయ్యి వేసి నొక్కుతుంటే, ఆ పిల్ల నోటికి వచ్చిన శబ్దాలేవో చేసింది. ఇల్లంతా స్తోత్రం. ఆరేళ్ళ తర్వాత నా దగ్గరికి వచ్చి, కొంగు కొస వేళ్ళకు చుట్టుకుంటూ, విప్పుకుంటూ, "నోరు కదిపాను అయ్యగారూ, ఏం పలికానో నాకే తెలియదు. అప్పటినుంచి ప్రభువు బల్లలో చెయ్యి పెట్టాలంటే వణుకొస్తోంది" అంది. అన్యభాషలను నేను కొట్టిపారేయడం లేదు. బలవంతాన ఇప్పించిన సాక్ష్యం మనిషిని ఎలా తినేస్తుందో చెబుతున్నాను.

ఇటువైపు మచ్చ కూడా చెప్పుకోవాలి. గూడూరు, నాయుడుపేట వైపు లూథరన్లు పసివాళ్ళకు బాప్తిస్మమిస్తారు. వాళ్ళ బిడ్డ మన ఇంటికి కోడలిగా వస్తే "ముంచుడు బాప్తిస్మం తీసుకుంటేనే సభ్యత్వం" అని మన బాప్టిస్టు డీకన్లు పట్టుబట్టలేదా? నేనే అలాంటి నలుగురికి బాప్తిస్మమిచ్చాను. గూడూరులో పసితనంలో ఒకసారి, నా చేతుల మీద గుండ్లకమ్మలో రెండోసారి, తర్వాత యేసు నామంలో మూడోసారి పొందిన ఒకాయన ఉన్నాడు. దారిలో కనబడితే "నాలుగోది ఏమన్నా మిగిలుంటే ఇప్పుడే చెప్పండయ్యగారూ" అంటాడు. నవ్వుతూనే అంటాడు, కానీ నాకు తగులుతుంది.

వాదన సభలు పెట్టించాలన్న ఆలోచన మీ అన్నగారికి ఉందని రాశారు. వద్దని చెప్పండి. టంగుటూరు దగ్గర ఒక ఊళ్ళో పొగాకు సీజను అయ్యాక మూడు రాత్రులు పందిరి వేశాం. రెండు మైకులు, రెండు బల్లలు, ఇటు నేను, అటు వాళ్ళ పాస్టరు. రెండో రాత్రికే వచనాలు పోయి అరుపులు మిగిలాయి. నేనూ అరిచాను. ఆ సోదరుడి చదువు గురించి అనకూడని మాట ఒకటి అన్నాను. మూడో రాత్రి సర్పంచ్ వచ్చి జనరేటర్ ఆపించి, రెండు పక్షాలనూ సర్దుకోమన్నాడు. ఆ ఊళ్ళో అన్నదమ్ములిద్దరు ఉండేవారు, అన్న మా వైపు, తమ్ముడు వాళ్ళ వైపు. మరుసటి ఏడు వాళ్ళమ్మ పోయినప్పుడు సమాధి ప్రార్థన నేను చేస్తున్నానని తమ్ముడు గేటు బయటే నిలబడ్డాడు. మట్టి వేయడానికి కూడా లోపలికి రాలేదు. త్రిత్వం గురించి నేను చెప్పిందంతా సరైనదే కావచ్చు. ఆ రోజు అతను గేటు పట్టుకుని నిలబడ్డ తీరు నా కళ్ళ ముందు నుంచి పోదు.

ఇక మీరు చేయాల్సింది. ముందు అబ్బాయితో ఒంటరిగా మాట్లాడండి, పెద్దలు లేకుండా. ఆయన సొంతంగా ఏమనుకుంటున్నాడో అడగండి, పాస్టరుగారి మాట కాదు. మళ్ళీ మునగకపోతే నన్ను రక్షణ లేనిదానిగా చూస్తావా? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు కావాలి. "చూడను, అది సంఘం రూలు" అంటే దారి ఉంది. "అవును" అంటే, అమ్మా, రేపు మీ అమ్మానాన్నల గురించీ అదే అనుకుంటాడు, పుట్టబోయే పిల్లలకు అదే నేర్పుతాడు. అప్పుడు ముహూర్తం గురించి కాదు, సంబంధం గురించే ఆలోచించాలి. బాప్తిస్మం తర్వాత ఇంకేమైనా షరతులున్నాయా, అన్యభాషలు, నగలు తీసేయడం, జుట్టు కత్తిరించకపోవడం లాంటివి, అదీ ఇప్పుడే అడిగేయండి.

పెళ్ళి జరిపించడానికి ఆ పాస్టరుగారే ఉండాలన్న నియమం లేదు. 1872 భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం అధికారం ఉన్న ఏ సేవకుడైనా చేయవచ్చు, మ్యారేజ్ రిజిస్ట్రార్ ముందైనా చేసుకోవచ్చు. మీరు ఏ సూత్రంతో బాప్తిస్మం పొందారని చట్టం అడగదు. జరిపించేవారికి లైసెన్సు ఉందో లేదో మాత్రం ముందే చూసుకోండి. పల్లెల్లో లైసెన్సు లేనివాళ్ళు చేసిన పెళ్ళిళ్ళకు సర్టిఫికెట్ దగ్గర చిక్కులు వస్తున్నాయి.

మళ్ళీ మునగకుండానే పెళ్ళి చేసుకున్న జంట ఒకటి నాకు తెలుసు, సింగరాయకొండ వైపు. పదేళ్ళు దాటింది. ఒక ఆదివారం ఆయన సంఘం, ఒక ఆదివారం ఆమెది. అన్నం ముందు ఆయన "యేసయ్యా" అని మొదలుపెడతాడు, ఆమె "తండ్రీ" అని. బిడ్డ ప్రతిష్ఠ ఎక్కడ చేయించాలన్న దగ్గర ఒకసారి గట్టిగా పోట్లాడుకున్నారు. ఆమె ఊరికి వెళ్ళిపోయింది, వారం తర్వాత ఆయనే వచ్చి తీసుకెళ్ళాడు. తేలిక అని చెప్పను. జరిగేపనే అని చెబుతున్నాను.

అబ్బాయి ఏమన్నాడో రాయండి. యోహాను 17 ఇద్దరూ కలిసి ఒకసారి పూర్తిగా చదివాక మాట్లాడుకుంటే ఇంకా మంచిది.